అరిచే బ్రేకు నోరు నొక్కొద్దు

పాత కారు బ్రేకు కీచుమంటోందని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే జరిగే తంతు దాదాపు అందరికీ తెలిసిందే. జాకీ పెట్టి చక్రం ఊడదీస్తారు. ప్యాడ్లు బయటికి లాగి ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దుతారు, ఎయిర్ పైపుతో దుమ్ము ఊదేస్తారు, మళ్లీ బిగిస్తారు. ఒక రౌండు కొట్టి వస్తే చప్పుడు ఉండదు. అడిగినంత ఇచ్చి ఇంటికి వచ్చేస్తాం. రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ అదే కీచు. ఈసారి ప్యాడ్లే మార్చేయమంటాం. అవీ నెల తిరక్కుండా అరవడం మొదలుపెడితే 'పాత బండి కదండీ, అంతే' అనే మాటతో వ్యవహారం ముగుస్తుంది. ఆ మాటతోనే నాకు పేచీ. వయసు మీద పడినంత మాత్రాన ఏ బ్రేకూ అరవదు. ఎండిపోయిన పిన్ను, పట్టేసిన పిస్టన్, ఎవరో పారేసిన రేకు, అరిగి పలచబడిన డిస్క్, ఇలాంటిదేదో ఒకటి ఉంటేనే అరుస్తుంది. అదేదో వెతకడానికి పావుగంటో అరగంటో పడుతుంది. ఆ అరగంటకు మనం డబ్బు ఇవ్వం, కాబట్టి షెడ్డులో ఎవరూ వెతకరు. చప్పుడు ఆపినందుకు ఇస్తాం, సామాను మార్చినందుకు ఇస్తాం, కారణం కనుక్కున్నందుకు మాత్రం ఇవ్వం. పాత బండ్ల బ్రేకుల గొడవ సగానికి సగం ఈ లెక్కలోనే ఉందని నా వాదన.

ముందు చప్పుడు ఎలా పుడుతుందో చూడాలి. పై తంతు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందో అక్కడే తెలుస్తుంది. పెడల్ తొక్కినప్పుడు ప్యాడ్లు రెండు వైపుల నుంచీ డిస్కును పట్టుకుంటాయి. ఆ పట్టు ఒకే తీరుగా ఉండదు. ప్యాడ్ పైపొర రెప్పపాటులో వెయ్యోవంతు సేపు డిస్కుకు అంటుకుని, జారి, మళ్లీ అంటుకుంటుంది. ఫిడేలు తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే. ఈ అంటుకోవడం, జారడం సెకనుకు వేలసార్లు జరుగుతూ, డిస్కుకో ప్యాడుకో క్యాలిపర్‌కో సహజంగా ఉండే కంపనంతో జత కలిస్తే ఇనుప డిస్కు మొత్తం మోగుతుంది. కీచు సాధారణంగా వెయ్యి హెర్ట్జ్‌ల పైనే ఉంటుంది. మన చెవి బాగా పట్టుకునే శ్రేణి అది, అందుకే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అయితే ఈ జత కలవడం చాలా సున్నితమైన వ్యవహారం. ప్యాడ్ కాస్త గరుకెక్కినా, గాలిలో తేమ మారినా, ప్యాడ్ కూర్చున్న చోటు వెంట్రుకవాసి జరిగినా, డిస్క్ వేడెక్కినా చెదిరిపోతుంది. అంటే చప్పుడు కొన్నాళ్లు ఆగాలంటే ప్యాడును ఊడదీసి మళ్లీ బిగించినా చాలుతుంది, ఊడదీసినవాళ్లు మధ్యలో ఏం చేశారన్నదానితో పెద్దగా పని లేకుండానే. కాబట్టి చప్పుడు పోయిందన్న ఒక్క కారణంతో రిపేరు జరిగిందని నమ్మడానికి లేదు. షెడ్డు బయట కొట్టే ఆ ఒక్క రౌండు ఏమీ తేల్చదు.

బ్రేకు మీద పడే భారమెంతో లెక్క వేస్తే ఈ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. వెయ్యి కిలోల బరువున్న చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో సుమారు 1.4 లక్షల జూల్స్ శక్తి ఉంటుంది. కారు ఆగాలంటే అదంతా వేడిగా మారాలి. దాదాపు అర లీటరు నీళ్లను మరిగే స్థాయికి తెచ్చే వేడి అది, కొద్ది సెకన్లలోనే పుడుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. ఇక ఘాట్ రోడ్డు సంగతి చూడండి. తిరుమల కొండకూ కింద తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అదే కారు కొండ దిగుతూ వదిలించుకోవాల్సిన శక్తి, 60 వేగం నుంచి యాభై సార్లు పూర్తిగా ఆగినంత. చిన్న గేరులో దిగితే అందులో చాలా భాగాన్ని ఇంజినే మింగుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, పెడల్ మీద కాలు తీయకుండా దిగితే భారమంతా చక్రాల దగ్గరున్న ఆ కాస్త లైనింగు మీదే పడుతుంది. ప్యాడులోని రెసిన్ మాడి పైపొర గాజులా నున్నబడుతుంది. పట్టు తగ్గుతుంది, కీచు పెరుగుతుంది. శ్రీశైలమో అరకో మారేడుమిల్లో వెళ్లి వచ్చాక మొదలైన చప్పుడైతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఉప్పు కాగితం నిజంగా పనికొచ్చే చోటు కూడా ఇదొక్కటే, అదీ మాడింది పైపైన అయితేనే. లోతుగా మాడితే, పగుళ్లు వస్తే ప్యాడ్ మార్చాల్సిందే. ఏది పైపైనో, ఏది లోతో వెలుతురులో పట్టుకుని చూసినవాళ్లే చెప్పగలరు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. బ్రేకు చప్పుళ్లలో చాలావాటి వల్ల ఏ ప్రమాదమూ లేదు కదా, షోరూం నుంచి తెచ్చిన కొత్త కారూ అప్పుడప్పుడు కీచుమంటుంది కదా అంటారు. నిజమే. రాత్రి మంచులోనో వానలోనో నిలబడిన కారు డిస్కు మీద పొద్దున్నకల్లా పలచని తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా త్వరగా పడుతుంది. నాలుగైదు సార్లు బ్రేకు వేసేసరికి అది రాలిపోయి చప్పుడు ఆగుతుంది. ఇనుప పొడి ఎక్కువగా కలిసిన ప్యాడ్లు మెత్తటి రకం కంటే కాస్త గోల చేస్తాయి, అది వాటి స్వభావం. కొత్త ప్యాడ్లు డిస్కుతో సర్దుకునేదాకా కొంత సేపు అరుస్తాయి. బిగించిన వెంటనే ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగం నుంచి మెల్లగా, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు బ్రేకు వేయమని చెప్పేది అందుకే. డిస్కుకూ దాని వెనకున్న దుమ్ము రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుంటే వచ్చే చప్పుడు విని చక్రమే ఊడిపోతోందని కంగారుపడతారు, రాయి తీసేస్తే అయిపోతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలం. ఏ చప్పుడు హాని లేనిదో, ఏది ఉన్నదో వేరుచేసి చెప్పడమే కారణం వెతకడమంటే. పది చప్పుళ్లలో ఏడు ఉత్తివే అనుకున్నా, మిగతా మూడూ ఏవో చూడకుండా తెలియదు. పైగా హాని లేనిదని తేలితే ప్యాడ్ల డబ్బు మిగులుతుంది. పొద్దున పూట తుప్పు చప్పుడుకు కొత్త ప్యాడ్లు కొన్నవాళ్లు తక్కువేమీ ఉండరు.

వేరుచేయడం పెద్ద విద్య కూడా కాదు. మొదటి ప్రశ్న: చప్పుడు పెడల్ తొక్కినప్పుడా, తొక్కనప్పుడా? కారు మామూలుగా వెళ్తుంటే సన్నగా ఈలలా వినిపించి, పెడల్ తొక్కగానే ఆగిపోయినా మారిపోయినా అనుమానించాల్సింది అరుగుదల రేకును. చాలా కార్ల ప్యాడ్లకు ఉక్కు ముక్క ఒకటి అమర్చి ఉంటుంది. కొత్తప్పుడు పది పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉండే లైనింగు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగేసరికి ఆ ముక్క డిస్కుకు తగిలి కావాలనే కూస్తుంది. తయారుచేసినవాళ్లు పెట్టిన హెచ్చరిక అది. దాన్ని ప్లయర్‌తో కాస్త వంచేసినా చప్పుడు పోతుంది, కస్టమరూ సంతోషిస్తాడు. నెలా రెండు నెలల్లో లైనింగు పూర్తిగా అరిగి ప్యాడు వెనక ఇనుప పలక నేరుగా డిస్కును గీరుతుంది. అప్పుడు వచ్చేది కీచు కాదు, గరగర. ఆ గరగర వినేటప్పటికి ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వెళ్లి ఉంటుంది. చవకరకం ప్యాడ్లు కొన్నిటికి ఈ రేకే ఉండదు కాబట్టి, కూత వినపడలేదు కనుక ప్యాడ్లు బాగున్నాయని ధీమా పడటానికీ లేదు.

రెండో ప్రశ్న: అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉందా? పాత బండ్ల అసలు కథ చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడును నొక్కితే, క్యాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాగి పట్టుకుంటుంది. ఆ పిన్నుల రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు, దుమ్ము చేరితే గ్రీసు ఎండి పిన్ను పట్టేస్తుంది. క్యాలిపర్ జరగదు. లోపలి ప్యాడు నామరూపాల్లేకుండా అరిగిపోతుంది, బయటిది కొత్తదానిలా ఉంటుంది. చక్రం సందులోంచి టార్చి వేసి బయటి ప్యాడొక్కటే చూసి 'ఇంకా బోలెడుంది' అనేవాళ్లు మోసపోయేది ఇలాగే. పిస్టనే పట్టేస్తే ప్యాడు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. ఆ చక్రం మిగతావాటి కంటే వేడిగా ఉంటుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. పిస్టన్ పట్టేయడానికి తరచూ మూలం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం, ఏళ్లు గడిచేకొద్దీ లోపల తుప్పుకు దారితీస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్‌లో పెడల్ స్పాంజిలా లోపలికి వెళ్లిపోయేది ఆ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టినప్పుడే. బాగా పాతబడిన రబ్బరు గొట్టం లోలోపల ఉబ్బితే కూడా ఆయిల్ వెనక్కి రాక ప్యాడు వదలదు. ఈ కారణాలన్నిటి వల్లా వచ్చే చప్పుడు బయటికి ఒక్కటే. కొత్త ప్యాడ్లు వేసినా ఇవేవీ పోవు. నెల తిరక్కుండా మళ్లీ అరిచిన ప్యాడ్లకు అమ్మిన దుకాణాన్ని తిట్టే ముందు చూడాల్సినవి ఇవే.

నా దృష్టిలో అన్నిటికంటే చిన్నదీ, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇంకొకటుంది. ప్యాడు వెనక పలచని రేకు ఉంటుంది, షిమ్ అంటారు. కొన్నిటికి రబ్బరు పూత కూడా ఉంటుంది. కంపనాన్ని మింగడమే దాని పని. ప్యాడు అటూ ఇటూ ఆడకుండా చివర్లలో స్ప్రింగు క్లిప్పులుంటాయి. బండి పాతబడేకొద్దీ, చేతులు మారేకొద్దీ, ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ వీటిలో ఒక్కొక్కటి మాయమవుతుంది. తుప్పుపట్టిందనో, కొత్త ప్యాడు బిగుతుగా కూర్చుంటోందనో తీసి పక్కన పెడతారు. లేకపోయినా బండి నడుస్తుంది కాబట్టి ఎవరికీ పట్టదు. తర్వాత ఏ కంపెనీ ప్యాడు వేసినా అరుస్తూనే ఉంటుంది. ఈ షిమ్ములు, క్లిప్పుల ఖరీదు ప్యాడ్ల ఖరీదులో చిన్న వంతు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే చాలా మోడళ్లకు దొరుకుతాయి, అడగాలన్న ఆలోచన వస్తే. వాటి బదులుగా మనం వాడేవి చూస్తే భయమేస్తుంది. మామూలు గ్రీసు పిన్నులకు పూస్తారు, అది వేడికి కరిగి రబ్బరు తొడుగును ఉబ్బిస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేను నేరుగా డిస్కు మీద కొట్టమనే సలహా కూడా చలామణిలో ఉంది. చప్పుడు తప్పక ఆగుతుంది, దానితో పాటు బ్రేకు కూడా. నూనె పీల్చుకున్న ప్యాడు మళ్లీ పనికిరాదు. ఎయిర్ పైపుతో దుమ్ము ఊదడం ఇంకో అలవాటు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది, ఏది ఉన్నదో కంటికి తెలియదు. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం అది. ఊదిన దుమ్ము ముందుగా వెళ్లేది షెడ్డులో పనిచేసే కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకి. తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తుడిస్తే సరిపోయే పని అది.

మోటారు సైకిళ్ల సంగతి వేరేగా చెప్పక్కర్లేదు గానీ ఒక్కటి మాత్రం చెప్పాలి. డ్రమ్ బ్రేకులున్న చాలా బండ్లకు బ్రేకు కడ్డీ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా వేసినప్పుడు అది ఎదురుగా ఉన్న గీతను చేరితే షూలు అరిగిపోయినట్టు. చక్రం విప్పకుండా, పైసా ఖర్చు లేకుండా తెలిసే విషయం. మనం చేసేది నట్టు ఇంకో రెండు చుట్లు బిగించడం.

ఇప్పుడు మెకానిక్ వైపు నుంచి వచ్చే అభ్యంతరం. 'మీరు చెప్పేవన్నీ మాకు తెలియవా? పిన్నులు తీసి శుభ్రం చేసి, పిస్టన్ వెనక్కి నొక్కి చూసి, నాలుగు చక్రాలూ కొలిచి, అంతా బాగానే ఉంది అని చెబితే ఎవరిస్తారు డబ్బులు?' ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. ఏమీ మార్చలేదంటే ఏమీ చేయలేదనే మన లెక్క. వంద రూపాయల పనికి పది నిమిషాలు బేరమాడి, వేల రూపాయల సామానుకు ఎమ్మార్పీ చూసి నోరెత్తకుండా కడతాం. అలాంటప్పుడు సామాను అమ్మడంలోనే బతుకుదెరువు చూసుకునే మెకానిక్‌ను తప్పుపట్టడం సులువు. పెద్ద సర్వీసు సెంటర్ల తీరూ ఇంతకంటే మెరుగు కాదు. అక్కడ అడ్వైజర్‌కు టార్గెట్లు ఉంటాయి కనుక ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా లిస్టులో చేరతాయి. డిస్కు మార్చాలా, లేత్ పట్టిస్తే చాలా, అసలు ముట్టుకోకుండా వదిలేయవచ్చా అన్నది కొలత తేల్చాల్సిన విషయం. ఎంత పలచబడేదాకా వాడవచ్చో చాలా డిస్కుల అంచు మీదే అచ్చుగుద్ది ఉంటుంది. మైక్రోమీటరు పెట్టి చూసి చెప్పేవాళ్లకు ఆ పనికే విడిగా కూలి ఇస్తే, అనవసరంగా మార్చడానికీ, అవసరమైనా మార్చకపోవడానికీ కూడా వాళ్లకు కారణం ఉండదు. కూలి ఇచ్చినా మోసం చేసేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. ఇప్పుడు మాత్రం నిజాయితీగా చూసేవాళ్లకు నష్టం రాసిపెట్టి ఉంది.

ఇంకో వాదన పోలీసు లెక్కల నుంచి వస్తుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. మరి బ్రేకు చప్పుళ్ల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. అతివేగమే పెద్ద హంతకుడన్నది నేను కాదనను. కానీ వేగంగా వచ్చిన బండికీ ఎదురొచ్చిన మనిషికీ మధ్య చివరి పది మీటర్లను తేల్చేది బ్రేకే. 60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తాం. కాలు పెడల్ మీదికి వెళ్లేలోపే అంత దూరం పోయాక, మిగిలిన దూరంలో నున్నబడిన ప్యాడు ఎంత తేడా చేస్తుందో ఊహించడం కష్టం కాదు. రికార్డులో ఒక ప్రమాదానికి ఒక కారణం రాస్తారు. వేగం కంటికి కనిపిస్తుంది, లోపలి ప్యాడు మందం కనిపించదు. 'బ్రేకు ఫెయిలైంది' అన్నది తప్పించుకోవడానికి డ్రైవర్లు చెప్పే మాటగా కూడా మారిపోయింది కాబట్టి, నిజంగా ఫెయిలైన చోట కూడా ఎవరూ నమ్మరు.

ప్రభుత్వం పాత బండ్ల గురించి పట్టించుకోవడం లేదా అంటే, పట్టించుకుంటోంది, కాకపోతే ముఖ్యంగా వయసును. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో దాని బ్రేకును రవాణా శాఖ తరఫున చూడాల్సిన సందర్భమే రాదు. 15 నిండాక రెన్యువల్ ఫీజు మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల స్థానంలో 5,000 అయింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన స్క్రాపింగ్ విధానం యంత్రాలతో పనిచేసే ఫిట్‌నెస్ కేంద్రాలను తెచ్చింది, అది మంచిదే. రోలర్ల మీద ఒక్కో చక్రం ఎంత బలంగా ఆగుతుందో, కుడి ఎడమల మధ్య తేడా ఎంతో అక్కడ తెలుస్తుంది; పట్టేసిన క్యాలిపర్ చాలావరకు దొరికిపోతుంది. కానీ రెండు మిల్లీమీటర్ల ప్యాడు కూడా ఆ రోజుకు గట్టిగానే పట్టుకుంటుంది, పాసవుతుంది. వచ్చే నెలలో ఏమవుతుందో రోలరుకు తెలియదు. బ్రిటన్‌లో చాలా కార్లకు మూడేళ్లు నిండాక ఏటా పరీక్ష ఉంటుంది, లైనింగు 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఫెయిల్ చేస్తారు. అక్కడ అడిగేది మందం. ఇక్కడ ముందుగా అడిగేది పుట్టిన తేదీ. ఆర్టీయే ఆఫీసు ముందు ఇంకో క్యూ, ఇంకో బ్రోకరు తయారవుతారన్న భయం మనవాళ్లకు సహజం, కాబట్టి ఏటా ప్రభుత్వ పరీక్ష పెట్టమని నేను అడగడం లేదు. ఇప్పటికే ఎనిమిదేళ్లు దాటిన ఆటోలు, టాక్సీలు, లారీలకు ఏటా జరుగుతున్న ఫిట్‌నెస్ పరీక్ష కాగితంలో ఒక్కో చక్రానికీ మిల్లీమీటర్ల అంకె రాయడం కొత్త ఆఫీసు అక్కర్లేని పని.

ఖర్చు మాటకొస్తే, రోజు కిరాయికి ఆటో నడిపేవాళ్లకు బండి అరపూట షెడ్డులో ఉంటే ఆ పూట కూలి పోతుంది. చప్పుడు ఆపించుకుని రోడ్డెక్కడం వాళ్ల తెలివితక్కువతనం కాదు. అయితే ఆ తొందరకు మూల్యం ఎవరు కడుతున్నారో చూడాలి. బ్రేకు రాసుకుంటూ నడిచే బండి ఇంధనం ఎక్కువ తాగుతుంది, షూలు తొందరగా అరుగుతాయి, చివరికి డ్రమ్ముకు గాట్లు పడి లేత్ దాకా వెళ్తుంది. అరపూట తప్పించుకున్నవాళ్లకు రెండు రోజులు పోతాయి. నిజానికి ఈ భారం బండి యజమాని మోయాల్సింది. కిరాయి తీసుకునేవాళ్లు నెలకోసారి పరీక్ష ఖర్చు భరించాలని ఆటో యూనియన్లు అడిగితే అది న్యాయమైన కోరికే అవుతుంది.

పాత కారు కొనబోయేవాళ్లకు ఈ విషయం ఇంకా ముఖ్యం, ఎందుకంటే అమ్మకానికి ముందు రోజు చప్పుడు ఆపించడం అన్నిటికంటే చవకైన పని. కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న బ్రేకును కూడా విప్పించే చూడాలి. చక్రానికి ఇంతని మాట్లాడుకుని, ఏమీ మార్చకపోయినా ఆ కూలి ఇస్తామని ముందే చెప్పాలి. బదులుగా ఒక చీటీ అడగాలి: నాలుగు చక్రాల దగ్గరా లోపలి ప్యాడెంత, బయటి ప్యాడెంత, వెనక షూలెంత, డిస్కు మందమెంత, పిన్నులు చేత్తో జరుగుతున్నాయా, షిమ్ములూ క్లిప్పులూ ఉన్నాయా, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు. సామాను మారిస్తే పాతది చూపించమనాలి. చీటీని బండి కాగితాలతో పాటు ఉంచాలి. ఆరు నెలల తర్వాత తీయించిన రెండో చీటీ పక్కన పెట్టి చూస్తే, కుడి ముందు ప్యాడు 7 నుంచి 6కు దిగినచోట ఎడమది 7 నుంచి 4కు దిగి ఉంటే, ఎడమ క్యాలిపర్ పట్టేస్తోందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అప్పటికి చప్పుడు ఇంకా మొదలై కూడా ఉండకపోవచ్చు.